6,000 కిలోమీటర్ల బైక్ యాత్ర: సామాను జాబితా పెరుగుతూనే ఉంది, ఎక్కడ ఆపాలి?

దారి_వెంట
వచ్చే నెల మొదటి వారంలో ఒంటరిగా బయలుదేరి, 18 రోజుల్లో సుమారు 6,000 కిలోమీటర్లు తిరిగి రావాలని నిశ్చయించుకున్నాను. బండి 350 సీసీ, ఒకటే సిలిండరు, స్పోకుల చక్రాలు, ట్యూబు టైర్లు. ఇప్పటికి 21,000 కిలోమీటర్లు తిరిగింది. ఒక్క రోజులో నేను నడిపిన గరిష్ఠ దూరం 300 కిలోమీటర్లు.

మూడు వారాలుగా సామాను జాబితా రాస్తున్నాను, అది ఒక్క రోజు కూడా తగ్గలేదు. నిన్న రాత్రి అన్నీ నేలమీద పరిచి ఒక్కొక్కటే తూచితే మొత్తం 46 కిలోలు తేలింది. టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, స్పానర్ల సెట్టు, స్ట్రిప్పులు ఉన్న పంక్చర్ కిట్టు, గాలి పంపు, రెండు జతల బూట్లు, ఏడు జతల బట్టలు, కెమెరా, ల్యాప్‌టాప్, అయిదు లీటర్ల పెట్రోలు డబ్బా. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా "దారిలో ఇదే అవసరమైతే?" అనిపించి మళ్లీ అక్కడే పెడుతున్నాను. ఎంత బరువు దగ్గర ఆపాలి, రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి, గట్టి పెట్టెలు మేలా మెత్తని సంచులు మేలా, బయలుదేరే ముందు బండికి ఏమేమి చేయించాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

స్పానర్_12_13
బరువు సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. బండితో వచ్చిన పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి: ఒకటి ఇంధనంతో కలిపి ఖాళీ బండి బరువు, రెండోది బండి మోయగల గరిష్ఠ మొత్తం బరువు. రెండోదానిలోంచి మొదటిది తీసివేస్తే వచ్చేదే మీకు మిగిలే పరిమితి. అందులోనే మీరు, మీ ఒంటిమీద ఉన్నవన్నీ, సామాను, ఆ సామాను కోసం బిగించిన రాకులు కూడా ఇమడాలి.

అయితే ఎంత బరువు అన్నదానికంటే ఆ బరువు ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. వెనక చక్రం ఇరుసు దాటి వెనక్కీ పైకీ పోయిన ప్రతి కిలో ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. అప్పుడు హ్యాండిల్ వదులుగా అనిపించి, వేగంలో బండి పాములా ఊగడం మొదలవుతుంది. పనిముట్లు, ట్యూబులు, నీళ్లు వంటి బరువైనవన్నీ కిందికీ, మీకు దగ్గరగానూ రావాలి. స్లీపింగ్ బ్యాగు, బట్టలు వంటి తేలికవి మాత్రమే వెనక పైన ఉండాలి.

నీలి_హెల్మెట్
ఆ 46 కిలోల్లో హెల్మెట్, జాకెట్, బూట్లు ఉన్నాయా? చాలామంది వాటిని లెక్కలో మరచిపోతారు.

దారి_వెంట
లేవండీ. ఇప్పుడే తూచాను, అవి మరో 9 కిలోలు. పుస్తకం ప్రకారం నాకు మిగిలే పరిమితి 172 కిలోలు. నేను 84, ఒంటిమీదవి 9, సామాను 46, రాకులు 8, మొత్తం 147. పరిమితి లోపలే ఉన్నాననుకుంటున్నాను.

పాతబండి_98
మొత్తం లోపల ఉన్నంత మాత్రాన సరిపోదండీ. వెనక ఉన్న చిన్న రాకు పలకకు విడిగా ఒక పరిమితి ఉంటుంది, చాలా బండ్లకు అది పది కిలోల లోపే. ఆ టెంటూ పెట్రోలు డబ్బా దానిమీదే కడతారనుకుంటాను.

నా అనుభవం చెబుతాను. ఒక యాత్రలో నాలుగో రోజు మధ్యాహ్నం కుడివైపు రాకు బోల్టు విరిగింది. శబ్దమేమీ రాలేదు. సంచి కాస్త కిందికి జారి, దాని అడుగు సైలెన్సరుకు ఆనుకుని, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు. ఆపి చూస్తే వానకోటు సగం కరిగి ముద్దయింది. బోల్టు ఆ రోజు విరిగినా, వదులు కావడం రెండు రోజుల ముందే మొదలై ఉంటుంది, నేను చూడలేదు. అప్పటినుంచి రాకుకు సంబంధించిన ప్రతి బోల్టు తలమీదినుంచి పక్కనున్న కమ్మీ మీదికి తెల్ల రంగుతో ఒక సన్నని గీత గీస్తున్నాను. బోల్టు కొంచెం తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. సాయంత్రం బండి ఆపాక టార్చి వేసి ఒక్క చుట్టు తిరిగితే చాలు, స్పానరు పట్టనక్కరలేదు.

ఎర్రమట్టి_దారి
గట్టి పెట్టెలా మెత్తని సంచులా అన్న ప్రశ్నకు నా జవాబు మెత్తని సంచులే. రాకుతో కలిపి చూస్తే సగానికి పైగా బరువు తగ్గుతుంది. అదీగాక, ఇసుకలో నెమ్మదిగా వెళుతూ ఒరిగినప్పుడు నేను కాలు కింద పెట్టాను, బండి ముందుకు కదిలింది, వెనకనుంచి అల్యూమినియం పెట్టె అంచు పిక్కకు తగిలింది. ఎముక విరగలేదు గాని ఆరు వారాలు కుంటుతూ నడిచాను. మట్టిదారి ఏమాత్రం ఉన్నా ఒంటరి ప్రయాణికుడికి గట్టి పెట్టెలు వద్దంటాను.

మేఘమాల
ఎర్రమట్టి_దారి గారితో సగమే ఏకీభవిస్తాను. మట్టిదారి విషయంలో ఆయన మాట నిజం. కాని ప్రశ్న అడిగినవారి దగ్గర కెమెరా, ల్యాప్‌టాప్ ఉన్నాయి. తారురోడ్డు మీదనే ఎక్కువగా వెళ్లేవారికి, తాళం వేసి పది నిమిషాలు బండి వదిలి వెళ్లగలగడం చిన్న సౌకర్యం కాదు. మెత్తని సంచికి కత్తి చాలు. నేను ఒంటరిగానే తిరుగుతాను కాబట్టి ఈ నిశ్చింతకు నా దృష్టిలో ఆ అదనపు బరువు తగినదే.

మెత్తనివే తీసుకుంటే రెండు జాగ్రత్తలు పాటించండి. సైలెన్సరు వైపు తప్పనిసరిగా రేకు కవచం ఉండాలి. నీళ్లు రాకుండా పైన తొడిగే తొడుగును నమ్మకుండా, లోపల మూతి చుట్టి బిగించే సంచి వేరుగా పెట్టాలి. పై తొడుగు గాలికి ఉబ్బి ఎగిరిపోయి చక్రంలో పడితే ప్రమాదం.

దారి_వెంట
నా దారిలో మట్టి భాగం చాలా తక్కువ. అయినా ఎర్రమట్టి_దారి గారి పిక్క సంగతి చదివాక మెత్తనివాటివైపే మొగ్గుతున్నాను. ల్యాప్‌టాప్ వదిలేస్తే మేఘమాల గారి అభ్యంతరం సగం తీరుతుందనుకుంటాను.

స్పానర్_12_13
మొదటి పోస్టు మళ్లీ చదివితే ఒకటి కనబడింది. మీవి ట్యూబు టైర్లు అన్నారు, జాబితాలో మాత్రం స్ట్రిప్పుల పంక్చర్ కిట్టు ఉంది. అది ట్యూబ్‌లెస్ టైర్లకే పనికొస్తుంది. ట్యూబు టైరులో మేకు దిగితే చక్రం విప్పాలి, టైరు ఒకవైపు ఊడదీయాలి, ట్యూబు బయటికి తీయాలి, వేరే మార్గం లేదు. కాబట్టి మీకు కావలసినవి: ఇరుసు నట్టుకు సరిపోయే స్పానరు, మూడు టైరు లివర్లు, ముందుకొకటి వెనకకొకటి కొత్త ట్యూబులు, ప్యాచీలు, వాటి జిగురు, గరుకు కాగితం, వాల్వు లోపలి పిన్ను విప్పే చిన్న సాధనం, గాలి పంపు.

ఇవన్నీ కొనడం కంటే ముఖ్యం, బయలుదేరే ముందు ఇంటి దగ్గర ఒక్కసారైనా వెనక ట్యూబు మీ చేతులతో మార్చడం. టైరు అంచు రిమ్ము మీదినుంచి రావడం లేదంటే లివరు మీద బలం చాలడం లేదని అందరూ అనుకుంటారు. నిజానికి ఎదురువైపు అంచు రిమ్ము నడిమి పల్లంలోకి దిగి ఉండదు. ఎదురువైపు మోకాలితో అదిమి పల్లంలోకి నెట్టండి, ఇటువైపు అంచు వదులై లివరు సులువుగా తిరుగుతుంది. తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబులో కొంచెం గాలి ఉంచండి, అప్పుడు మెలిపడదు, లివరు కింద నలగదు. చివరి జానెడు ఎక్కించేటప్పుడే కొత్త ట్యూబుకు చిల్లు పడుతుంది. అక్కడ సబ్బునీళ్లు రాసి ఓపికగా చేయండి.

గాలి_34
టైర్ల వయసు కూడా చూడండి. టైరు పక్క గోడమీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు లోతుగానే ఉన్నా రబ్బరు గట్టిపడి, పక్కలు సన్నగా చిట్లిన టైరుతో దూరం పోవద్దు. గాలి ఎప్పుడూ ఉదయం, బండి కదలకముందు కొలవాలి. నడిచి వేడెక్కాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేస్తే మర్నాడు తక్కువవుతుంది. సామానుతో వెళ్లేటప్పుడు పుస్తకంలో వెనక మనిషి ఉన్నప్పటికి చెప్పిన అంకెనే పాటించండి.

చైన్‌స్ప్రాకెట్
21,000 కిలోమీటర్లు అదే చైనుతోనా? వెనక పళ్లచక్రం దగ్గర నిలబడి, చక్రం వెనక భాగాన చైనును వేళ్లతో వెనక్కి లాగండి. పన్ను సగం బయటికి కనిపిస్తే చైను అయిపోయినట్టే. చక్రం తిప్పుతూ ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటే కూడా అంతే. మార్చేటప్పుడు పళ్లచక్రాలు రెండూ కలిపి మార్చాలి, పాత పళ్లమీద కొత్త చైను తొందరగా అరుగుతుంది.

దారిలో సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో నడిస్తే ఆ సాయంత్రమే నూనె వేయండి. రోజు ప్రయాణం ముగిసి చైను వేడిగా ఉన్నప్పుడు వేస్తే లోపలికి దిగుతుంది, రాత్రంతా ఆరుతుంది. ఉదయం వేసి వెంటనే బయలుదేరితే సగం చక్రంమీదే పడుతుంది. సామాను ఎక్కిస్తే సస్పెన్షన్ కుంగి చైను బిగుసుకుంటుంది. అందుకే పుస్తకంలో చెప్పిన వదులును సరిచేసుకున్నాక, నిండు సామానుతో మీరు కూర్చుని ఇంకొకరిచేత మళ్లీ చూపించుకోండి.

తీరిక_రైడర్
అసలు కష్టం సామానులో లేదు, లెక్కలో ఉంది. 6,000ను 18తో భాగిస్తే రోజుకు 333. మూడు రోజులు విశ్రాంతికి తీస్తే 15 రోజులు రోజుకు 400. మీరు జీవితంలో ఒక్కసారి 300 నడిపారు. అలసట ఒక్కరోజుది కాదు, రోజురోజుకూ పోగుపడుతుంది. నాకైతే అయిదో రోజునుంచి పొరపాట్లు మొదలవుతాయి. దారి తగ్గించండి, లేదా రోజులు పెంచండి.

మైలురాయి_1000
ఇంత భయపెట్టనవసరం లేదనుకుంటాను. ఐరన్ బట్ అసోసియేషన్ అనే దూరప్రయాణ బైకర్ల సంఘం వారి శాడిల్‌సోర్ 1000 సవాలులో 24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే సుమారు 1,609 కిలోమీటర్లు నడపాలి. మామూలు ఉద్యోగాలు చేసుకునేవారే అది పూర్తిచేస్తున్నారు. మంచి రోడ్డుమీద 400 పెద్ద దూరం కాదు.

తీరిక_రైడర్
అది ఒక్క రోజు సంగతి. దానికి ముందు నిద్ర, తరవాత నిద్ర, దారి ముందే ఎంచుకున్నది. ఇక్కడ మాట్లాడుతున్నది వరసగా 15 రోజుల గురించి, అదీ ఒంటరిగా. పైగా ఆ సంఘమే తన సభ్యులకు నిద్ర, విరామం గురించి పదేపదే హెచ్చరిస్తుంది.

మేఘమాల
కిలోమీటర్లు కాక గంటలు లెక్కపెట్టండి. జీనుమీద ఆరు, ఏడు గంటలు నా పరిమితి. కొండదారిలో అది 200 కిలోమీటర్లు కావచ్చు, వెడల్పాటి రోడ్డులో 450 కావచ్చు. గంటన్నరకు ఒకసారి, అలసట అనిపించకపోయినా, దిగి హెల్మెట్ తీసి నీళ్లు తాగుతాను. చీకటి పడేలోపు ఆపేస్తాను. గుంతా పశువూ కనబడని వేళ బండి నడిపి మిగుల్చుకునేది ఏమీ లేదు.

దారి_వెంట
తీరిక_రైడర్ గారు వేసిన భాగాహారం నేనే వేసుకోవలసింది. దారిలో ఉత్తరం వైపు వంక తీసేస్తే 5,200 అవుతుంది, మూడు విశ్రాంతి రోజులు పోగా రోజుకు 347. ఇంకా ఎక్కువే అనిపిస్తే మరి రెండు రోజులు సెలవు అడుగుతాను. మరో సందేహం కూడా ఉంది. ఇంత దూరానికి 350 సీసీ చాలదనీ, పెద్ద బండి కొనుక్కొమ్మనీ దగ్గరివాళ్లు అంటున్నారు.

నీలి_హెల్మెట్
1912, 1913ల్లో కార్ల్ స్టెర్న్స్ క్లాన్సీ హెండర్సన్ బండిమీద ప్రపంచం చుట్టివచ్చాడు. 1973లో ఆన్ ఫ్రాన్స్ దోత్విల్ ఒక చిన్న కవాసాకీ మీద ఒంటరిగా ప్రపంచయాత్ర చేసింది. మీ బండి ఆ రెండింటికంటే ఎన్నో రెట్లు నమ్మదగింది. దాని శబ్దంలో తేడా వస్తే మీకు తెలుస్తుంది, కొత్త బండి అయితే తెలియదు.

ఉదయరాగం
అందరూ బండి గురించే చెబుతున్నారు, నేను ఒంటి గురించి చెబుతాను.

గాలి చలిని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. బయట 10 డిగ్రీలు ఉన్నప్పుడు గంటకు 90 కిలోమీటర్ల గాలి తగిలే చర్మానికి అది సుమారు 4 డిగ్రీల చలి. ముందు బిగుసుకుపోయేవి వేళ్లు, ఆ వేళ్లతోనే బ్రేకు పట్టాలి. ఒక మందపాటి కోటు కంటే, ఒంటికి అంటుకునే పలచని చొక్కా, దానిమీద ఒక వెచ్చనిది, పైన గాలి చొరని పొర మేలు. మండుటెండలో దీనికి తలకిందులు. గాలి మన ఒంటి వేడికంటే వేడిగా ఉన్నప్పుడు వలలాంటి జాకెట్టు చల్లబరచదు, చెమటను క్షణాల్లో ఆరబెట్టేసి ఒంట్లో నీళ్లు లాగేస్తుంది. అప్పుడు లోపలి చొక్కాను తడిపి, జాకెట్టుకు గాలి వచ్చే సందులు కొంచెం మూసి, తడి ఎక్కువసేపు నిలిచేలా చూసుకోవాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారిందంటే నీళ్లు చాలడం లేదని అర్థం.

చెవులలో ప్లగ్గులు పెట్టుకోండి. రోడ్డు వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ దాటుతుంది, రోజూ గంటల తరబడి అది వింటే వినికిడి తగ్గి తిరిగి రాదు. అలసట సగం ఆ హోరునుంచే వస్తుందని నాకు ప్లగ్గులు పెట్టుకున్న మొదటి సాయంత్రమే తెలిసింది. హెల్మెట్ ఇప్పుడు కొంటున్నట్లయితే ఈసీఈ 22.06 (హెల్మెట్ భద్రతా ప్రమాణం) గుర్తు చూడండి. జాకెట్లలో ఏఏఏ, ఏఏ, ఏ అన్న శ్రేణులు రాపిడికి తట్టుకునే శక్తిని చెబుతాయి, ఏఏఏ అన్నిటికంటే గట్టిది. వీపు కవచం చాలా జాకెట్లలో ఉత్త స్పాంజి ముక్కే ఉంటుంది, తీసి చూసి మార్చుకోండి.

ఎర్రమట్టి_దారి
చెవి ప్లగ్గులు పెట్టుకుంటే హారన్లు వినబడవని నాకు సందేహంగా ఉండేది.

ఉదయరాగం
అందరికీ అదే సందేహం. ప్లగ్గులు హోరును తగ్గిస్తాయి, హారను, ఇంజను శబ్దం ఆ హోరులోంచి ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి. అయితే కొన్ని చోట్ల చట్టం ఒప్పుకోదు, మీరు వెళ్లే చోటి నియమం చూసుకోండి.

వైరు_ఫ్యూజు
ఫోను చార్జరు, చేతిపట్టు వేడిచేసే గ్రిప్పులు, అదనపు లైట్లు అన్నీ బిగించే ముందు బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుకు, బండి అవసరాలు పోగా మిగులు ఎంతో కనుక్కోండి. 90 వాట్ల పరికరం 12 వోల్టుల దగ్గర ఏడున్నర ఆంపియర్లు లాగుతుంది. ప్రతి అదనపు తీగకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య కనిపిస్తే చార్జింగు బాగున్నట్టు.

ఫోనును నేరుగా హ్యాండిల్‌కు బిగించకండి. శక్తిమంతమైన మోటారుసైకిలు ఇంజన్ల అదురుకు ఐఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. ఒకటే సిలిండరు బండి బాగా అదురుతుంది, అదురును మింగే మౌంటు వాడండి. మ్యాపులు ముందే ఫోనులోకి దింపుకోండి, సిగ్నలు లేనిచోటే దారి తప్పుతాం.

పాతబండి_98
పెట్రోలు డబ్బా మాట ఎవరూ ఎత్తలేదు. అయిదు లీటర్లంటే దాదాపు 3.7 కిలోలు, అదీ వెనక కొసన, అదీ పెట్రోలు. ఖాళీ బండికి వచ్చే మైలేజీ కాకుండా, నిండు సామానుతో ఎదురుగాలిలో వచ్చేదాన్ని లెక్కకు తీసుకుని, రెండు బంకుల మధ్య దూరం దానికి లోబడి ఉంటే డబ్బా అవసరమే లేదు. సగం ట్యాంకు కాగానే నింపుకునే అలవాటు చాలు. ఆ బరువుకు బదులు ఒక క్లచ్ కేబులు తీసుకోండి. దాన్ని సంచిలో కాక పాత కేబులు పక్కనే వేసి కట్టేయండి, తెగిననాడు రెండు కొసలు మారిస్తే సరిపోతుంది. ఒక క్లచ్ లివరు, ఒక బ్రేకు లివరు, బల్బులు, ఫ్యూజులు, చైను లింకు, గట్టి తీగ, టేపు కూడా ఉండాలి.

స్పానర్_12_13
పూర్తి స్పానర్ల సెట్టు కూడా వద్దు. ఇంటి దగ్గర చక్రాలు, చైను, బ్యాటరీ, కేబుళ్లు విప్పి బిగించి చూడండి. ఆ పనిలో చేతికి వచ్చిన పనిముట్లు మాత్రమే మూటకట్టండి, మిగతావి ఇంట్లో ఉంచండి. బ్రేకు ఆయిలు రెండేళ్లు దాటితే మార్పించండి, అది గాలిలోని తేమను పీల్చుకుని, పొడవైన దిగుడులో వేడెక్కి బ్రేకు మెత్తబడుతుంది.

ఉదయరాగం
రక్తపు గ్రూపు, వాడే మందులు, ఇద్దరి ఫోను నంబర్లు రాసిన చీటీ జాకెట్టు లోపలి జేబులో పెట్టుకోండి. ఫోను తాళం వేసి ఉంటే ఎవరికీ పనికిరాదు.

తీరిక_రైడర్
బయలుదేరే రెండు వారాల ముందు నిండు సామానుతో రెండు రోజుల చిన్న ప్రయాణం చేసి, ఒక రాత్రి బయట గడిపి రండి. మేమందరం రాసినదానికంటే ఆ రెండు రోజులు ఎక్కువ చెబుతాయి.

దారి_వెంట
వెళ్లివచ్చాను. రెండు రోజుల్లో 610 కిలోమీటర్లు.

బయలుదేరే ముందు టైరు పని ప్రయత్నించాను. మొదటిసారి గంటా యాభై నిమిషాలు పట్టింది, స్పానర్_12_13 గారు చెప్పిన ఆ చివరి జానెడు దగ్గరే ట్యూబు నలిగి చిల్లుపడింది. ఎదురువైపు మోకాలు ఆనించడం రెండోసారికి గాని చేతకాలేదు. ఆనించాక అంచు చప్పున పల్లంలోకి దిగింది, నలభై నిమిషాల్లో అయిపోయింది. ఇదే మొదటిసారి రోడ్డు పక్కన చీకట్లో చేయవలసి వచ్చి ఉంటే ఏమయ్యేదోనని ఆలోచిస్తున్నాను.

రాత్రి కొద్దిసేపు నడపవలసి వచ్చింది, హెడ్‌లైటు చెట్ల కొమ్మలను చూపించింది. వెనక బరువుకు బండి కుంగిందని తెలిసి, ప్రీలోడు, అంటే వెనక స్ప్రింగుల బిగుతు, రెండు మెట్లు పెంచి లైటును కిందికి దించాను. మొదటి రోజు నాలుగో గంటనుంచి మెడ నొప్పి మొదలైంది, రెండో రోజు ప్లగ్గులు పెట్టుకుని, గంటన్నరకు ఒకసారి దిగితే అదే దూరం తేలికగా గడిచింది. వాడిన వస్తువులనూ సంచి అడుగునే ఉండిపోయిన వస్తువులనూ విడదీసి కుప్పలు పోస్తే, పనిముట్లను పక్కనపెట్టి చూసినా వాడని కుప్పే పెద్దది. స్టవ్వు, ల్యాప్‌టాప్, రెండో బూట్లు, నాలుగు జతల బట్టలు, పెట్రోలు డబ్బా తీసేశాను. ఇప్పుడు సామాను 27 కిలోలు. చైను వేలితో లాగితే పన్ను సగం కనబడింది, రేపు పళ్లచక్రాలతో సహా మారుస్తున్నారు.

పాతబండి_98 గారి తెల్లగీతలు అన్ని బోల్టులకూ గీశాను. తిరిగి వచ్చి చూస్తే ఎడమవైపు కింది బోల్టు దగ్గర గీత విరిగి ఉంది.

పాతబండి_98
అలాగే బిగించేయకండి, పూర్తిగా విప్పి మరలు చూడండి. బోల్టు పట్టు వదలకుండా వేసే జిగురు, నూనె అంటిన మరల మీద పట్టుకోదు. ఎడమవైపే చైను ఉన్నట్లయితే అనుమానించాలి.

దారి_వెంట
విప్పాను. మరల నిండా చైను నూనే ఉంది. కిరోసినుతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. సాయంత్రం కొత్త బోల్టు వేసి, జిగురు రాసి, గీత మళ్లీ గీస్తాను.